ఆనప బుర్రలో నీళ్లు

నీళ్ల విలువ నా మెడ నరాలకు తెలుసు. కొండ కింద పారే గెడ్డ నుంచి బిందె నెత్తిన పెట్టుకుని గట్టెక్కేదాన్ని. గ్లాసులో గుక్కెడు మిగిల్చినా ఊరుకునేదాన్ని కాదు. చేతులు కడిగిన నీళ్లు కూడా మిరప మొక్కల మొదట్లోకే పోవాలి. బడికి నేను వెళ్లింది రెండో తరగతి దాకానే. మిగతా చదువంతా ఆ గట్టు మీదే.

నా మనవరాలికి మూడేళ్లప్పుడు చేతులూ కాళ్లూ ఉబ్బేవి. ముట్టుకుంటే కేకలు పెట్టేది. గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించినా తగ్గకపోతే అరకు ఆసుపత్రికి ఎత్తుకెళ్లాం. అక్కడి డాక్టరమ్మ పిల్లదీ, తల్లిదండ్రులదీ రక్తం తీయించి విశాఖ పంపింది. కొన్నాళ్లకు పిలిచి, సికిల్ సెల్ అని చెప్పింది.

"తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వచ్చింది. గుండ్రంగా ఉండాల్సిన రక్తకణాలు వంకర తిరిగి సన్న నరాల్లో ఇరుక్కుంటున్నాయి. రోజూ మాత్ర వెయ్యాలి. చలి తగలనివ్వకండి. దాహం లేకపోయినా నీళ్లు తాగించాలమ్మా."

"దాహం నేకపోతే తాగడమేటి తల్లీ? గొడ్డు కూడా తాగదు."

"గొడ్డుకి ఈ జబ్బు లేదు కదమ్మా!"

ఇంటికొచ్చి, చేలోకి అంబలి పట్టుకెళ్లే ఎండు ఆనపకాయ బుర్రల్లో చిన్నది ఏరి పిల్లకిచ్చాను. పొద్దున్నే గోరువెచ్చని నీళ్లు నింపేదాన్ని. మధ్యాహ్నానికి అది తాగేసి, బుర్ర తలకిందులు చేసి చూపించాలి. చేలో బుర్రలో అంబలి తాగేశాక మేమూ అలాగే బోర్లిస్తాం, ఇంకాస్త పొయ్యమని.

రోజూ చూపించేది. ఒక్క చుక్క రాలేది కాదు. ఎండలు ముదిరాక ఒకరోజు వాకిట్లో చూస్తే, బంతి మొక్కలన్నీ వాడిపోయాయి, ఒక్కటి మాత్రం ఏపుగా ఉంది.

"ఏటే గుంటా, దీనికి నీలెవులు పోత్తన్నారు?"

"దానికీ సికిలే మామ్మా. నీలు తాగాల."

నవ్వాపుకుని చెవి మెలేశాను. మర్నాడే దాని కాళ్లు పట్టేశాయి. ఆసుపత్రిలో సెలైను ఎక్కిస్తుంటే పక్కన కూర్చుని, ఆ బుర్రతోనే గుక్క గుక్క పట్టాను.

"తిట్టవా మామ్మా?" అంది నీరసంగా.

"ముందు తాగు. తిట్లెక్కడికీ పోవు."

తాగింది. ఆ తర్వాత ఏ మొక్కా మిగతావాటికంటే ఏపుగా పెరగలేదు.

ఇప్పుడది ఆశ్రమ పాఠశాలలో చదువుతోంది. మాత్ర అక్కడి నర్సమ్మ వేయిస్తుంది. మా గూడేనికి కుళాయి వచ్చింది, గెడ్డ దారి గడ్డి కమ్మేసింది. నా మెడకు సుఖమే గానీ, పొద్దున్నే బుర్ర నింపే పని లేక చేతులకు తోచదు. చూరుకు వేలాడుతూ అది పొగకు నల్లబడింది.

సెలవులకు వచ్చినప్పుడు సంచి ఇంకా భుజాన ఉండగానే బుర్ర అందుకుంటుంది. పోస్తాను. గటగటా తాగేసి, నా ముందు బోర్లిస్తుంది.

"నిజంగా తాగినావా, బంతి మొక్కకి పోసీసినావా?"

"మొక్క ఏదే మామ్మా ఇక్కడ? పొయ్యి."

మళ్లీ పోస్తాను, అంచుదాకా.