తేదీ ముద్ర లేని అల్మారాలు

మా లైబ్రేరియన్ సార్ ఫ్రెంచి సాహిత్యంలో డాక్టరేటు పొందినవారు. కొత్వాల్‌గూడ రైతు కుటుంబంలో పుట్టి ఆ భాషను ఎందుకు పట్టుకున్నారో ఊళ్లో ఎవరికీ తెలియదు.

"గా పుస్తకాలు మీరు తప్ప ఇంకెవరన్న సదువుతరా సారూ?" అని మా అటెండరు ఎగతాళి చేసేవాడు.

"నువ్వు గూడ జర నేర్చుకో, ఇద్దరమైతం" అనేవారు సార్.

విమానాశ్రయం వచ్చిన మూడేళ్లకు, శంషాబాద్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో, ఆయన గ్రంథాలయంలోనే నేను సహాయకురాలిగా చేరాను. నియమానికి మినహాయింపు ఉండకూడదని వాదించడం నాకు కాలేజీ డిబేట్లలో అబ్బిన అలవాటు. కొత్త పుస్తకాలకు చోటు చాలక పాతవి తొలగించాలని కమిటీ కూర్చున్నప్పుడు, ఎవరికి నచ్చినవి వారు దాచుకుంటారేమోనని అనుమానించి లేచాను. పుస్తకం చివర అంటించే చీటీ మీద పదేళ్లుగా తేదీ ముద్ర పడకపోతే, అది ఏ శాఖదైనా పోవాలన్నాను. తొలగించినదాన్ని సిబ్బంది ఎవరూ తీసుకోకూడదని కూడా చేర్చాను. కమిటీ దాన్నే నియమంగా రాసుకుంది. సార్ తల ఊపారు.

వారం తర్వాత తనిఖీలో, ఫ్రెంచి అల్మారాల్లో ఒక్క చీటీ మీదా ముద్ర కనిపించలేదు. మేము ముద్ర వేసేది ఇంటికి తీసుకెళ్లే పుస్తకాలకే. సార్ ప్రతి సాయంత్రం హాల్లోనే కూర్చుని చదివి, మళ్లీ అరలో పెట్టేవారు. రోజూ చూస్తూ కూడా ఆ సంగతి ఆలోచించలేదు నేను.

"మీటింగుల ఎందుకు చెప్పలేదు సార్?"

"నువ్వు చెప్పింది న్యాయమే గద బిడ్డా. నేను చదివేటివని ఎట్ల అడ్డం పడ్త?"

"పాత తేదీలేసి ముద్రలు కొడ్త సార్. ఎవలకు తెలుస్తది?"

"గిట్ల అబద్ధం రాయనీకేనా గంత వాదించినవ్?"

మినహాయింపు కోరుతూ కమిటీకి రాశాను. మినహాయింపులకు వ్యతిరేకంగా నేను చెప్పిన మాటలనే వారు జవాబుగా పంపారు. పుస్తకాల లారీ షాద్‌నగర్ దారిలోని కాగితం మిల్లుకు వెళ్లిపోయింది. నా వాదనలో తప్పెక్కడుందో నేటికీ చూపించలేను. చూపించగలిగితే కొంతైనా ఊరట దొరికేది.

తొలగించిన ప్రతి పుస్తకాన్నీ రిజిస్టరులో ఎర్ర సిరాతో కొట్టివేయాలి. మర్నాడు సార్ నా పక్కన కూర్చుని ఒక్కొక్క పేరూ పైకి చదవసాగారు.

"నంబర్లు చాలు సార్, పేర్లెందుకు?"

"ఉండనీ. నువ్వన్న ఇను."

అర్థం కాని ఆ పేర్లు వింటూ గీతలు కొట్టాను. ఒకచోట ఆయన ఆగిపోయారు.

"ఇది చదువుడు ఇంక సగమే అయింది."

నా కలం ఆగింది.

"లారీ మిల్లుకు చేరిందా?"

"నిన్ననే చేరింది సార్."

"ఇగ కొట్టెయ్ బిడ్డా."

కొట్టేశాను. ఆయన తరువాతి పేరు చదివారు.