చిన్నత్త వాకిలి రాయి

ఉడుమలైపేట పక్కన కొబ్బరితోటలో ఉంది మా చిన్నత్త తిలకవతి ఇల్లు. మూరెడు మందం రాతిగోడలు, పైన నాటుపెంకులు. ఎండలో నుంచి లోపలికి పోతే కుండలోకి దిగినట్టు చల్లగా ఉంటుంది. వాకిలిపైన అడ్డంగా ఒకే రాయి, దాని నడుమ చెక్కిన తామరపువ్వు.

ఆ రాయికి తల తగిలినవాళ్లకు చిన్నత్త మందు ఒక్కటే. గోడగూట్లోంచి బెల్లంముక్క తీసి చేతిలో పెడుతుంది. చిన్నప్పుడు మా ఇంటాయన ఆ బెల్లం కోసమే ఎవరి భుజాలైనా ఎక్కి తల తగిలించుకొనేవాడట. ఆయన పోయి ఏడాది దాటింది. అందరూ ఆయన మాట వస్తే గొంతు తగ్గిస్తారు. చిన్నత్త ఒక్కతే నవ్వుతూ చెబుతుంది.

మొన్న ఆమె కొడుకు అశోక్‌కుమార్‌కు ఆ రాయి తగిలి నుదుట కుట్లు పడ్డాయి. రాయి తీసేయమని మేస్త్రి తంగవేల్‌ను పిలిచాడు. చిన్నత్త వాకిట్లో పీట వేసుకొని కూర్చుంది.

"రాయిని ముట్టొద్దు."

"నా తల కోసుకోవాల్నా అమ్మా?"

"మీ నాయన నీకన్నా పొడుగు. ఆయనకెన్నడూ తగల్లేదే?" అనేసి తనే నేలవైపు చూసింది.

దీపం పెట్టిన నేలను గడ్డపార తాకరాదని ఆ ఇంటి కట్టు. అందుకే పెళ్లి వచ్చినప్పుడల్లా పాత నేలమీదే కొత్త నేల వేశారు. బండల మీద ఎర్రసిమెంటు, దానిమీద మొజాయిక్, దానిమీద చిన్నత్త ముచ్చటపడి వేయించిన తెల్ల టైల్స్. వాటిలో ముఖం కనిపిస్తుందని వచ్చినవాళ్లందరినీ వంగి చూడమనేది.

"రాయి దిగలేదమ్మా, నేల లేచింది," అన్నాడు అశోక్. "నీ రాయా, నీ టైల్సా? చెప్పు."

చిన్నత్త కొంగుతో ఒక టైలు తుడిచింది. లేచి, దీపం కుందె తెచ్చి అరుగుమీద పెట్టింది.

"దీపం ఈడుండాది. అది ఇప్పుడు సుమ్మ, ఉత్త నేలే. తవ్వు తంగవేలూ."

పొరలన్నీ తీసి కడిగాక, అడుగు బండమీద పులిమేకల ఆట గీతలు బయటపడ్డాయి. చిన్నత్త, మా ఇంటాయన ఆడుకొన్నవే.

అశోక్ తల నిలువునా పెట్టుకొని లోపలికి వచ్చి, చెయ్యి చాపాడు.

"తగల్లేదు కదరా. బెల్లం లేదు, పో," అంది చిన్నత్త.

గూట్లోంచి బెల్లంముక్క తీసి నా చేతిలో పెట్టి, చింతగింజలు ముందు పోసింది.

"కూర్చో అమ్మిణీ. మేకలు నీవి. నీ మొగుడు ఎప్పుడూ పులులే కావల్నని ఏడ్చేవాడు."

"అట్లయితే పులులు నాకియ్యి చిన్నత్తా," అన్నాను.