దిబ్బ మీదుగా దోవ

పంచాయతీ సమితులు వచ్చిన కొత్తలో మా పాలేనికి రోడ్డు వేసుకునే అవకాశం వచ్చింది. పులికాటు ఒడ్డున చేపలు పట్టుకుని బతికే పాలెం మాది. అక్కడినుంచి పెద్ద ఊరికి పోవాలంటే బురదపర్ర దాటాలి. ఎండాకాలంలో పాదాలు దిగబడతాయి, వానాకాలంలో నడుము దాకా నీళ్లు. సమితి వాళ్ల మాట ఏమంటే, తూములకు గొట్టాలు, పైన పరిచే గరుసు వాళ్లు ఇస్తారు. మట్టి మోసి కట్ట పొయ్యడం మా వంతు. ఏ పని కావాలో కూడా మేమే తేల్చుకుని అడగాలి.

బడి కావాలని కొందరు, మంచినీళ్ల బావి కావాలని కొందరు అన్నారు. రోడ్డే కావాలని పట్టుబట్టింది మా నాయన. ఎందుకో అందరికీ తెలుసు. కొన్నేళ్ల కిందట ఒక వానాకాలంలో మా అమ్మకు కాన్పు కష్టమైంది. మంచం మీద పడుకోబెట్టి ఆసుపత్రికి మోసుకుపోతుంటే పర్ర మధ్యలోనే ప్రాణం విడిచింది. కడుపులో బిడ్డ కూడా ఆమెతోనే పోయింది. ఆ మంచాన్ని ముందు నుంచి మోసింది నాయన, వెనక నుంచి మోసింది అమ్మ వాళ్ల అన్న, నా మేనమామ. వాళ్లిద్దరూ ఎప్పటినుంచో ఒకే పడవలో వేటకు పోయేవాళ్లు. ఆ తర్వాత కూడా అలాగే పోయారు. మామ కొడుక్కే నన్నిచ్చి పెళ్లి చేశారు కాబట్టి మామ ఇల్లే నా ఇల్లయింది.

నాయన ఇంటింటికీ తిరిగాడు. వారానికొక రోజు వలలు ఒడ్డున పెట్టి మట్టి మొయ్యమంటే మాటలా? ఒక్కరోజు వేట లేకపోతే పొయ్యి వెలగని ఇళ్లున్నాయి. అయినా ఒప్పుకున్నారు. పాలేనికి పెద్ద అయిన పెదకాపు సమితి ఆఫీసుకు పోయి అందరి తరఫునా మాటిచ్చి వచ్చాడు.

కొలతలు వెయ్యడానికి ఓవర్సీరు వచ్చాడు. పర్ర మధ్యలో ఒక ఇసుక దిబ్బ ఉంది. ఆ చుట్టుపక్కల గట్టి నేల అదొక్కటే. మా పాలెంలో పోయినవాళ్లను పూడ్చేదీ అక్కడే. పైన చోటు నిండిపోవడంతో అమ్మను దిబ్బ అంచున పూడ్చారు. ఓవర్సీరు పాతుకుంటూ వచ్చిన కొయ్యమేకులు సూటిగా అక్కడికే వచ్చాయి.

నాయన ఆ మేకు దగ్గరికి పోయి దాని మీద చెయ్యి వేశాడు. ఓవర్సీరును అడిగాడు.

"రవంత పక్కకి జరిపేదానికి కాదా అయ్యా?"

ఓవర్సీరు చేతిలో ఉన్న గెడను పక్కన బురదలోకి దించాడు. అది సగం లోపలికి పోయింది.

"చూశావుగా పెద్దాయనా. ఇక్కడ కట్ట పోస్తే మొదటి వానకే కుంగుతుంది. పైకి జరుపుదామంటే అటంతా సమాధులే. పోతే ఇట్లాగే పోవాలి. వద్దంటారా, ఇంకో పని ఏదైనా అడగండి."

ఆ సాయంత్రం పెదకాపు ఇంటి ముందు పాలెమంతా కూడింది. అందరికంటే ముందు మామ లేచాడు.

"నా చెల్లెలి మీద బండ్లు తోలతావా బావా?"

ఎవరో ఎముకలు తీసి పైన పూడుద్దామన్నారు. పూడ్చినోళ్లని కదిపే ఆచారం మనలో లేదని పెదకాపు కొట్టేశాడు. అందరూ నాయన వైపు చూశారు. ఆయన తల దించుకునే మాట్లాడాడు.

"ఆమె మన చేతుల మీదే గదా బావా పొయ్యింది. ఇంకో ఆడబిడ్డని అట్టా మొయ్యలేను నేను."

"అయితే ఏసుకో. నేను మాత్రం తట్ట పట్టను. ఆ దిబ్బకాడ కట్ట మీద కాలు పెట్టను" అని మామ వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి వేరేవాళ్ల పడవ ఎక్కాడు. నాయనతో మాట మానేశాడు.

మామకు అన్నం వడ్డించి, నేనూ నా భర్తా కట్ట పనికి పోయేవాళ్లం. మామ వద్దనలేదు. నాకు మాత్రం నాయన మీదే కోపం. ఆయన చెప్పింది న్యాయమేనని తెలుసు. తెలిసినా మనసు ఊరుకోలేదు. ఒకరోజు మట్టి ఎత్తుతూ అడిగేశాను.

"నన్నొక మాట అడగలేదే నాయనా?"

"అడిగితే వద్దంటావేమోనని భయపడినానమ్మా" అన్నాడు.

తట్ట నెత్తికెత్తుకుని కట్ట వైపు నడిచాను.

కట్ట దిబ్బ దగ్గరికి వచ్చిన రోజున అందరినీ ఆగమన్నాడు నాయన. పెదకాపు భార్య పసుపునీళ్లు చల్లి కర్పూరం వెలిగించింది. అక్కడ ఎవరినీ తట్ట బోర్లించనివ్వలేదు నాయన. తానే కింద కూర్చుని, మట్టిని దోసిళ్లతో తీసి పరిచాడు. నేనూ పక్కన కూర్చుని పరిచాను. మా అమ్మ ఉన్న చోటు మా చేతుల కిందే కనుమరుగైంది. తల ఎత్తి చూస్తే దూరంగా దిబ్బ మీద మామ, మాకు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. నాయన చేతులు దులుపుకుని పోయి ఆయన పక్కన కూర్చున్నాడు. పొద్దు వాలాక ఎవరి దోవన వాళ్లు వచ్చేశారు.

గరుసు ఆలస్యంగా వచ్చినా వచ్చింది. రోడ్డు ప్రారంభానికి వచ్చిన పెద్దవాళ్లు సభ పెట్టి, దండలు వేయించుకుని, మా పాలేన్ని మెచ్చుకుని పోయారు. ఆ సభకు నాయన రాలేదు, వేటకు పోయాడు. మామ అన్నట్టే నడుచుకున్నాడు. దిబ్బ దాకా కట్ట మీద వచ్చి, అక్కడ పక్కకు దిగి, బురదలో నడిచి, దాటినాక మళ్లీ ఎక్కేవాడు. మొదట్లో కుర్రవాళ్లు నవ్వారు, తర్వాత మానేశారు.

మరుసటి వానాకాలంలో నాకు నొప్పులు వచ్చాయి. పర్రంతా నీళ్లు. నన్ను ఎడ్లబండి ఎక్కించారు. పగ్గాలు నాయన పట్టాడు. నా భర్త నా తల ఒళ్లో పెట్టుకున్నాడు. మామ బండి వెనక చెయ్యి వేసి నడుస్తున్నాడు. దిబ్బ దగ్గర ఆ చెయ్యి వదిలేశాడు. నేను తల తిప్పి చూశాను. నడుము లోతు నీళ్లలో, పంచె పైకి పట్టుకుని, బండితో సమంగా రావాలని ఆయన పడుతున్న పాటు కనిపించింది.

నాయన ఎడ్లను నిలబెట్టాడు.

"నిలబడతావేంది బావా! తోలు! బిడ్డ అల్లాడతా ఉండాది!" అని నీళ్లలోంచి అరిచాడు మామ.

అన్నాళ్ల తర్వాత ఆయన నాయనతో అన్న మొదటి మాట అది. నాయన ఎడ్లను అదిలించాడు. అవతల మామ కట్ట ఎక్కి, రొప్పుకుంటూ పరిగెత్తి బండిని అందుకున్నాడు.

కాన్పు కష్టంగానే అయింది. ఇంకాస్త ఆలస్యమైతే మా చేతుల్లో ఉండేది కాదని డాక్టరమ్మ నా భర్తతో అన్నదట. మగపిల్లాడు. వసారాలో బెంచీ మీద నాయన, మామ పక్కపక్కనే కూర్చుని ఉన్నారని, మామ బట్టలు ఇంకా తడిగానే ఉన్నాయని నా భర్తే చెప్పాడు.

వానలు తగ్గాక వాళ్లిద్దరూ మళ్లీ ఒకే పడవ ఎక్కారు. అయినా దిబ్బ దగ్గర నీళ్లలోకి దిగడం మాత్రం మామ చనిపోయేదాకా మానలేదు. అది ఎందుకని ఆయనను ఎవరూ అడగకుండా నాయన చూసుకున్నాడు.