సీసం పోసిన మాట

పొద్దున మనవరాలు హోంవర్క్ ముందేసుకుని, “అమ్మమ్మా, వాట్ డజ్ స్టీరియోటైప్ మీన్?” అంది. ఈ పిల్లకి ఇవాళ ఇంకే మాటా దొరకలేదా! పది రోజులుగా గుండెలో రాయిలా ఉన్నది అదే మరి.

దాని అర్థం నాకు నాన్నగారు చెప్పారు. ఆయనది గోదావరి పక్క క్రైస్తవ మిషన్ ప్రెస్సులో ఉద్యోగం. అక్షరాలు ఒక్కొక్కటే కూర్చి పేజీ కట్టాక, దాని మీద తడి అట్ట నొక్కి, అది ఆరాక అందులో కరిగిన సీసం పోసేవారు. పేజీ అంతా ఒకే రేకు. కీర్తనల పుస్తకం ఎన్నిసార్లయినా అచ్చేసుకోవచ్చు, మళ్లీ కూర్చే పని లేదు. అదీ స్టీరియోటైపు. గ్రీకులో స్టీరియో అంటే గట్టిదట. మనుషుల్ని ఒకే మూసలో పోసి చూడటానికి ఆ పేరు తర్వాత అంటుకుంది. సీసం పోసేముందు మాత్రం నాన్నగారు, ఆ పేజీ కూర్చని మనిషిని పిలిచి పైకి చదివించేవారు. తన కళ్ల మీద ఆయనకి నమ్మకం లేదు.

నేను ఎవర్నీ పిలవలేదు. ఇక్కడ లండన్‌లో నేను వంట చేసే వృద్ధుల హోమ్‌లో, చదువుకోవడానికి వచ్చి వీకెండ్ షిఫ్టులు చేసే వరంగల్ అమ్మాయి పది రోజుల కిందట ఫుల్‌టైమ్‌కి అప్లై చేసింది. అప్పటికి ముప్పై రోజుల్లో ఇక్కడ ఉండే పర్మిట్ అయిపోతుంది, జాబ్ లెటర్ లేకపోతే వెళ్లిపోవాల్సిందే. మేనేజర్ నన్ను పిలిచి, మీవాళ్లే కదా, ఎలాంటిది అని అడిగింది. నాకు పెద్దరికం నెత్తికెక్కింది. ఆ పిల్లతో ఒక్క షిఫ్టయినా చేయని దాన్ని, ఈ స్టూడెంట్స్ అంతా అంతే, లెటర్ చేతికి రాగానే మానేస్తారు అనేశాను. అప్లికేషన్ పక్కన పెట్టేశారు.

మర్నాడు లాకర్ల దగ్గర ఆ అమ్మాయి నాకు అడ్డంగా నిలబడింది. అరవలేదు.

“ఆంటీ, నా గురించి చెప్పిన్రంట. నా పేరన్న తెలుసా మీకు?”

నిజంగానే తెలీదు. తల దించుకుని, పొయ్యి మీద సూప్ ఉందని వచ్చేశాను. అబద్ధం, పొయ్యి అప్పటికే ఆర్పేశాను.

ఇవాళ మనవరాలికి ఇదంతా చెబుతుంటే గుర్తొచ్చింది. సీసం పోశాక తప్పు కనిపిస్తే, నాన్నగారు ఆ అక్షరాన్ని ఉలితో చెక్కి తీసి, వేడి సీసంతో మరోటి అతికించేవారు. వేళ్లు కాలేవి. అయినా పక్కవాడి మీదకి నెట్టేవారు కాదు. లేచి మేనేజర్‌కి ఫోన్ చేశాను. ఆ అమ్మాయి ఎవరో కూడా తెలియకుండా చెప్పానని, తప్పు నాదేనని అన్నాను. ఆవిడ సోమవారం ఇంటర్వ్యూకి పిలుస్తానంది, ఉద్యోగం ఇస్తానని మాత్రం అనలేదు.

తప్పు నాదేనన్న ఆ మాట అనడానికి నాకు అర నిమిషం పట్టలేదు. ఆ పిల్లకి మిగిలిన ముప్పై రోజుల్లో పది, నేను సిగ్గు చంపుకోవడానికే పోయాయి.