పిన్ని చేసిన మట్టి మనిషి

నా చిన్నప్పుడు వేసవి సెలవులకు గూడూరు అవతల ఉన్న మా పిన్నివాళ్లింటికి వెళ్లేదాన్ని. మా చిన్నాన్న అక్కడి కాకిబంగారం గనిలో, అంటే రేకులుగా మెరిసే అభ్రకం తవ్వే గనిలో పనిచేసేవారు. పిన్ని పుట్టింది సముద్రం ఒడ్డున, చేపలు పట్టే ఇంట్లో. ఎంత అల లేచినా కన్నార్పని మనిషి, మొగుడు గనిలోకి దిగితే మాత్రం ఆయన పైకొచ్చేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టేది కాదు. సముద్రమైతే ఒడ్డున నిలబడి చూడొచ్చు, భూమి లోపల ఏం జరుగుతోందో ఎట్లా తెలుస్తుందని ఆమె బాధ.

ఆ ఏడు పట్టుపట్టి కూర్చుంది. "ఆ బొక్కలోకి ఇంక దిగబాకయ్యా. మా నాయన పడవలో చోటుండాది, పోదాం పద!" అంది. పడవంటే పడని చిన్నాన్న, ఆ పేరెత్తితేనే పెరట్లోకి జారుకునేవారు. "ఏం కాదులే" అని ఆయన అన్నకొద్దీ పిన్నికి ఏడుపు ఎక్కువైంది.

చివరికి ఆయన పుట్టమన్ను తెచ్చి, పిన్నికి చూపించడానికి పెరట్లో గని బొమ్మను కట్టడం మొదలుపెట్టారు. అసలు గనిలో మూరకు ఇక్కడ అంగుళం లెక్క. లోపలంతా కనబడేలా ఒక పక్క గోడ లేకుండా వదిలేశారు. దిగే బావి, అందులో నిచ్చెన, అడుగున సొరంగాలు, పైకప్పు కూలకుండా సరుగుడు పుల్లల గుంజలు. గోడలకు కాకిబంగారం రేకులు అతికించే పని నాది. గోడకంటే నా జుట్టే ఎక్కువ మెరిసింది.

పిన్ని కొన్నాళ్లు అటు చూడనట్టే నటించింది. ఒకనాడు తనే వచ్చి, కాస్త మట్టి తీసుకుని, అదే లెక్కకు చిన్నాన్నను చేసింది. బొజ్జ కూడా పెట్టింది. ఆరాక ఆ మనిషిని బావిలోకి దించి, పెద్ద సొరంగంలో నడిపించింది. రాయి కొట్టే చివరి సొరంగం దగ్గరికొచ్చేసరికి మట్టి తల పైకప్పుకు తగిలింది. పడుకోబెట్టి తోస్తేగానీ లోపలికి పోలేదు.

"ఈడ పాక్కుంటా పోతావా?" పిన్ని అడిగింది. "నాకెప్పుడూ చెప్పలేదే!"

ఇంక ఈమె పని మానిపించేస్తుందని నాకు భయం వేసింది. ఆ సొరంగాన్ని కాస్త ఎత్తుగా కడితే ఏం పోయింది అనుకున్నాను. చిన్నాన్న మాత్రం ఉన్నదున్నట్టే కట్టారు. నులక మంచం కిందకు దూరి, ఇదిగో ఇంత ఎత్తని, మోచేతుల మీదా మోకాళ్ల మీదా పాకి చూపించారు. తిరిగి రాబోతే ఇరుక్కుపోయారు. మంచం కూడా ఆయనతోపాటు లేచి నడిచింది. పిన్ని ముందు కళ్లు తుడుచుకుంది, తర్వాత పగలబడి నవ్వింది.

"ఏదీ, ఆ మోకాళ్లు చూపించు" అంది. కాయలు కాసి ఉన్నాయి. ఆ సాయంత్రమే గోనెపట్టలో దూది కూరి రెండు మెత్తలు కుట్టింది. "రేపు ఇవి కట్టుకోని పో" అంది. మర్నాడు ఆయన గనిలో ఉండగానే మేమిద్దరం కూర్చుని చేపల పులుసుతో కడుపు నిండా అన్నం తిన్నాం.

అప్పటినుంచి భయపడేవాళ్లతో నేను "ఏం కాదులే" అనను. మొన్న నా కంటి ఆపరేషన్‌కు ముందు డాక్టరుగారు ఆ మాటే అన్నారు. బొమ్మ గీసి చూపిస్తేనే బల్ల ఎక్కుతానన్నాను. పాపం, నవ్వుతూ కన్ను గీసి, ఎక్కడ కోస్తారో చూపించారు. చూశాక భయం పోలేదు. ఎంత భయపడాలో మాత్రం తెలిసింది. లేచి వెళ్లి బల్ల ఎక్కాను.