వాసన చూసి వండే మనిషి

ఆ ఉదయం చలపతి మావయ్య స్నానం చేసి, తడిపంచె కట్టుకుని, కాఫీకి నీళ్ళు పెడదామని వంటింట్లోకి వెళ్ళి అగ్గిపుల్ల గీశాడు. రాజమండ్రిలో ఆ వీధిలో నాలుగిళ్ళ కిటికీ అద్దాలు రాలిపోయాయట. సాయంత్రానికి ఆసుపత్రిలో పోయాడు.

పక్కింటి దేవకుమారిగారు నన్ను చూడగానే అన్న మాట ఇంకా చెవిలో ఉంది.

"వాకిలి ఊడుస్తుంటే మా గేటు దాకా గ్యాస్ వాసనమ్మా. కేకేద్దామని చీపురు పడేసి వస్తున్నాను, ఈలోపే అయిపోయింది. మీ మావయ్యగారి ముక్కుకి తెలీకపోవడమేంటండీ?"

అందరూ అదే అడిగారు. మావయ్య బతికిందే ముక్కుతో. తద్దినాల వంట ఆయన వృత్తి. పితృదేవతలకి పెట్టేదాకా ఆ వంట ఎవరూ రుచి చూడకూడదు, వండేవాడు అసలే చూడకూడదు. పులుసు మరుగుతుంటే పైకి లేచే ఆవిరిని ఒక్కసారి పీల్చి, ఉప్పు చాలిందో లేదో చెప్పేసేవాడు. నా చిన్నప్పుడు మా గుమ్మంలో చెప్పులు విప్పుతూనే, "అక్కా, పప్పులో ఇంగువ మరిచిపోయావు" అని అరవడం నాకు గుర్తు.

"నాలుక ఆకలిని బట్టి మాట మారుస్తుందే కౌముదీ. ముక్కు మార్చదు" అనేవాడు.

మొన్న మాఘంలో ఏదో పెళ్ళికని ఆయనా, హైమవతి అత్తయ్యా హైదరాబాదు వచ్చి నా దగ్గర రెండు రోజులున్నారు. మొదటి రోజే స్టవ్ మీద పాలు పొంగి, మాడి, ఫ్లాటంతా కమురు కంపు. నేను స్నానాల గదిలోంచి పరుగెత్తుకొచ్చాను. మావయ్య స్టవ్‌కి నాలుగడుగుల దూరంలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. చదువుతుంటే ఒళ్ళు తెలియదు కాబోలనుకున్నాను. అత్తయ్య గబగబా స్టవ్ కట్టేసి నా ముఖంలోకి చూసింది. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది.

మర్నాడు మధ్యాహ్నం వాళ్ళని జూబ్లీహిల్స్‌లో ఒక ఇటాలియన్ రెస్టారెంటుకి తీసుకెళ్ళాను. ఆయన బయట తినడు. ఊరికే వచ్చి చూడమని నేనే బతిమాలాను.

"ఇవాళ నీ ముక్కుకి పరీక్ష మావయ్యా. ఇటలీవాళ్ళ వంటలో ఏం పడ్డాయో చెప్పాలి."

"ఈ వయసులో నాకు పరీక్షలేంటే" అన్నాడు. నవ్వాడు గానీ, కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

లోపల ఏసీ చలి. బల్లల మీద ఇస్త్రీ చేసిన తెల్లటి గుడ్డలు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు, చెంచాలు కూడా చప్పుడు చెయ్యడం లేదు. నాకోసం వచ్చిన అన్నం వంటకాన్ని చూసి మావయ్య, "కట్టెపొంగలి వండుతూ వండుతూ మధ్యలో ఎవరో పిలిస్తే లేచెళ్ళిపోయినట్టున్నాడే" అన్నాడు. నేను పొట్ట పట్టుకుని నవ్వాను.

తర్వాత నల్లబట్టల అబ్బాయి గాజుమూత పెట్టిన పళ్ళెం తెచ్చాడు. అందులో ట్రఫుల్, అంటే భూమిలోపల పెరిగే ఒకరకం పుట్టగొడుగు. మావయ్య తినేది కాదు.

"వాసన చూస్తే తప్పు లేదుగా?" అన్నాను.

"ఆఘ్రాణం అర్ధభోజనం అన్నారు. సగం పాపం నీ ఖాతాలో వేసుకో మరి" అంటూ ముందుకి వంగాడు.

మూత తీశారు. గుప్పుమంది. మూసిన గదిలో సిలిండరు కారుతున్నట్టే, అచ్చం అదే వాసన. అత్తయ్య ఉలిక్కిపడి, "అమ్మో, గ్యాస్!" అని నోట్లో నోట్లోనే అంటూ నా చెయ్యి పట్టుకుంది. ఆమె మట్టిగాజులు ఒక్కసారి ఘల్లుమన్నాయి.

మావయ్య కళ్ళు మూసుకుని గుండెలనిండా పీల్చాడు.

"నెయ్యి కమ్మగా కాగింది. ఇక దింపెయ్యచ్చు" అన్నాడు.

నా నవ్వుకి పక్క బల్లవాళ్ళు తిరిగి చూశారు. ఎంత నిబ్బరంగా వేళాకోళమాడాడో అనుకున్నాను. మావయ్య కళ్ళు తెరిచి, నేనెందుకు నవ్వుతున్నానో అర్థంకాక ముందు నావైపు, తర్వాత అత్తయ్యవైపు చూశాడు. అత్తయ్య నవ్వలేదు. మంచినీళ్ళ గ్లాసు ఆయన ముందుకి జరిపింది.

కారులో వస్తుంటే వెనకసీట్లోంచి మెల్లగా అంది: "ఆయనకి ఇంకెప్పుడూ పరీక్ష పెట్టకే."

నలుగురిలో నవ్వులపాలు చేశానని చిన్నబుచ్చుకుందనుకున్నాను. ఆ రాత్రి పడుకునే ముందు ఆమె మా స్టవ్ మీటలు మూడుసార్లు తడిమి చూసుకుంది. పాతకాలం జాగ్రత్త అనుకున్నాను. మూడేళ్ళుగా మావయ్య వెళ్ళే ప్రతి వంటకీ ఆమె కూడా ఎందుకు వెళ్తోందో ఎన్నడూ అడగలేదు. వయసు మీదపడింది, చేతిసాయానికి కాబోలనుకున్నాను.

అగ్గిపుల్ల గీయడానికి ముందురోజు సాయంత్రం అత్తయ్య తన చెల్లెలికి బాగాలేదని పిఠాపురం వెళ్ళింది. మావయ్య ఒక్కడే ఉన్నాడు.

తొమ్మిదోరోజు మధ్యాహ్నం అత్తయ్య పెరటిగుమ్మంలో కూర్చుని ఉంది. మర్నాడు ఆ గాజులు తీసేస్తారు. వాటిని ఒకటొకటిగా పైకీ కిందకీ జరుపుకుంటూ, నేనడక్కుండానే చెప్పింది.

"కరోనాలో పోయిందే ఆయన ముక్కు. మళ్ళీ రాలేదు. నీకు కూడా చెప్పద్దని ఒట్టు వేయించుకున్నారు. రుచి చూడకూడని వంట, వాసన తెలీని వంటవాడు. తెలిస్తే గుమ్మంలోకి రానిస్తారా ఎవరైనా?"

"మరి ఇన్నాళ్ళూ ఎలా వండాడు?"

"నేను వంటింటి గుమ్మంలో నిలబడేదాన్ని. వాసన నేను చూసేదాన్ని. నలుగురిలో నోటితో చెబితే బయటపడిపోతుంది కదా, అందుకని గాజులు. మూడుసార్లు కదిపితే ఉప్పు తక్కువ. రెండుసార్లు కదిపితే అడుగంటుతోంది."

ఆ గాజులవైపే చూస్తూ అడిగాను.

"ఒక్కసారి కదిపితే?"

"నెయ్యి కాగింది, దింపెయ్యమని."