ప్లగ్గు పీకిన హీటరు

ముందే చెప్తున్నాను, దయ్యాలంటే నాకు నవ్వు. ఆళ్ళగడ్డలో ఇరవై ఆరేళ్ళుగా పిల్లలకు భౌతికశాస్త్రం చెప్తున్నాను. చర్చిలో ఎవరైనా కల వచ్చిందనో, స్వరం వినిపించిందనో సాక్ష్యం చెప్పడానికి లేస్తే నేను వాచీ చూసుకునేదాన్ని. పక్కనుంచి మా అత్త మోచేత్తో పొడిచేది. అలాంటి నేను కూర్చుని ఇది రాస్తున్నానంటే, ఎంత గింజుకున్నా వేరే దారి దొరక్కే రాస్తున్నాను.

మా అమ్మాయి రూతుకు నెలలు నిండకముందే నంద్యాల ఆసుపత్రిలో కాన్పయింది. పాప పిడికెడంత ఉండింది. మూడు వారాలు గాజుపెట్టెలో పెట్టారు. బరువు కేజీ ఎనిమిది వందలకు వచ్చాక, ఇంటికి పంపమని నేనే డాక్టరమ్మ వెంటపడ్డాను. అల్లుడి తరపు వాళ్ళు కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోదామన్నారు. నేను ఒప్పుకోలేదు. పాపకు నేను జవాబుదారీ అని ఆసుపత్రి వరండాలో నలుగురి ముందు గట్టిగా అన్నాను. నోరు ఊరుకోదు కదా.

డాక్టరమ్మ కచ్చితంగా చెప్పింది. గదిలో వేడి ఇరవై ఆరు డిగ్రీలకు తగ్గకూడదు. దుమ్ము ఉండకూడదు. పది రోజుల్లో పాప రెండు కేజీలు దాటాలి. దాటకపోతే మళ్ళీ గాజుపెట్టె.

దుమ్మే పెద్ద చిక్కు. మాది శిల్పులు ఉండే వీధి. పొద్దున లేస్తే రాళ్ళు కోసే మిషన్ల మోత, ముందు గదుల్లో మంచాల మీద కూడా తెల్లటి పొడి. దుమ్ము చేరనిది వెనక గది ఒక్కటే. ఒకప్పుడు రాళ్ళు దాచుకోవడానికి కట్టిన గది అది. మందపాటి రాతి గోడలు, కింద నాపరాళ్ళు, ఎత్తయిన కప్పు. మే నెలలో ఆ గదిలో పడుకోవడానికి మేం పోట్లాడుకునేవాళ్ళం. డిసెంబరులో మాత్రం అరికాలు పెడితే జివ్వుమంటుంది. అప్పుడు తుపాను ముసురు పట్టి ఉంది. థర్మామీటరు పెట్టి చూస్తే పంతొమ్మిది.

అందుకే హీటరు కొందామని నంద్యాల బజారులో తిరిగాను. నంద్యాలలో హీటరు అడిగితే మనిషిని ఎగాదిగా చూస్తారు.

"ఏంది టీచరమ్మా, మన కాడ హీటరు అడగతాండావ్? రెండు నెలలు ఆగు, మంచి కూలరు ఇస్తా" అని నవ్వాడు ఒక షాపాయన.

"నీ కూలరు నువ్వే పెట్టుకో అప్పా, గోడౌన్లో ఏముంటే అది దింపు" అన్నాను.

మూడు రకాలు దింపాడు. మూడూ అక్కడే ప్లగ్గు పెట్టించి చూశాను. గాలి ఊదేది అన్నిటికంటే చవక. వెంటనే వేడెక్కింది, ఆపిన రెండు నిమిషాలకే ఏమీ లేదు. పైగా ఆ గాలికి ఉన్న దుమ్మంతా లేస్తుంది. ఎర్రగా కాలే కడ్డీలది ఎదురుగా ఉన్నవాళ్ళనే కాలుస్తుంది, వీపు చలికే. దాని మీద పాప గుడ్డ ఎగిరి పడితే ఏం కావాలి? మూడోది నూనె హీటరు. లోపల నూనె ఉంటుంది, బయట ఇనప రెక్కలు. వేడెక్కడానికి అరగంట తీసుకుంటుంది, కానీ ఆపేశాక కూడా చాలాసేపు వెచ్చగా ఉంటుంది. గది వేడెక్కగానే తనంతట తానే ఆగుతుంది. వెయ్యి వాట్లదంటే గంటకు ఒక యూనిట్, అదీ ఆగకుండా కాలితేనే. ఆయన రెండున్నర వేల వాట్లది అంటగట్టాలని చూశాడు. మా ఇంటి పాత వైర్లకు అది నిప్పు పెట్టడమే. చిన్నదే తీసుకున్నాను, గీచి గీచి బేరం చేసి.

"ఇన్వర్టరు కూడా తీసుకో మా, కరెంటు పోతే ఏం చేస్తావ్?" అన్నాడు.

"మా ఊర్లో కరెంటు పోదులే" అన్నాను. ఆ మాటకు తర్వాత నన్ను నేను ఎన్ని తిట్టుకున్నానో.

అయిదు రోజులు గది ఇరవై ఏడు దగ్గరే నిలబడింది. మంచం కోడుకు థర్మామీటరు కట్టి, గంట గంటకూ పుస్తకంలో రాసేదాన్ని. మా అత్తకు మాత్రం ఆ హీటరు కంటగింపు. బాలింత గదంటే ఆమె లెక్క వేరు. కిటికీ సందుల్లో పాత గుడ్డలు కుక్కాలి, తలుపు మూయాలి, మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టాలి. మా ఆయనను అలాగే పెంచిందట. మూసిన గదిలో బొగ్గులు కాలిస్తే వాసన లేని విషవాయువు పుడుతుందని, మనిషి నిద్రలోనే పోతాడని ఎన్నిసార్లు చెప్పినా ఆమె మూతి తిప్పేది.

ఆరో రోజు పొద్దున ఎనిమిది దాటాక కరెంటు పోయింది. వచ్చేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ వస్తే హీటరు పాడవుతుందని నేనే ప్లగ్గు పీకాను. వైరు చుట్టి కిటికీ గూట్లో పెట్టాను. ఇది బాగా గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే తర్వాత అందరూ నన్ను అడిగింది ఇదే.

తొమ్మిదికి ఇరవై ఏడు. పదికి ఇరవై అయిదు. పదకొండుకు హీటరు పూర్తిగా చల్లబడింది. పన్నెండుకు ఇరవై రెండు. రూతు పాపను రొమ్ముకు అదుముకుని దుప్పటి కప్పుకుంది. వేడినీళ్ళ సీసాలు పాత చీరల్లో చుట్టి మంచం మీద పెట్టాం. ఒంటిగంటకు ఇరవై. పాప అరికాళ్ళు చల్లబడ్డాయి. పాలు తాగడం మానేసి ఊరికే మూలిగింది.

ఎదురింటి వీరాచారి అన్న, శిల్పి, గొడుగేసుకుని వచ్చి కరెంటు స్తంభం పడిపోయిందని చెప్పాడు. అంత వానలో ఆటోలో నలభై కిలోమీటర్లు ఈ పసిగుడ్డును తీసుకుపోలేం. ఎక్కడన్నా కారు దొరుకుతుందేమో చూడమంటే అలాగే వెనక్కి తిరిగి పరుగెత్తాడు.

ఇంతలో మా అత్త వసారాలో బొగ్గులు రాజేసి కుంపటి ఎత్తుకుని వచ్చింది. నేను గుమ్మంలో అడ్డం నిలబడ్డాను.

"జరుగు మే! బిడ్డ కొయ్యబారతాంటే నీ సైన్సు ఏంది నాకు?"

"లోపలికి తెస్తే నీకూ నాకూ ఈ పొద్దుతో సరి అత్తా."

ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నలుగురి ముందు గొప్పలు పోయి పాపను తెచ్చింది నేనే కదా. కుంపటి మాత్రం గుమ్మం దాటనివ్వలేదు.

అప్పుడు వెనక నుంచి రూతు పిలిచింది.

"అమ్మా, కరెంటు వచ్చినట్టుంది. హీటరు కాలతాంది."

కరెంటు రాలేదు. స్విచ్చి వేసి ఉన్న లైటు వెలగడం లేదు. ప్లగ్గు కిటికీ గూట్లో, నేను పెట్టినచోటే, వైరు చుట్ట విప్పకుండా ఉంది. నేను పోయి హీటరు రెక్క మీద చెయ్యి పెట్టాను, పెట్టినంత వేగంగా తీసేశాను. అరచెయ్యి ఎర్రబడింది.

నా కళ్ళనే నేను నమ్మలేదు. థర్మామీటరు ముందు కూర్చున్నాను. రెండుకు ఇరవై రెండు. రెండున్నరకు ఇరవై అయిదు. మూడుకు ఇరవై ఏడు. అక్కడ ఆగిపోయింది, నేను ఎప్పుడూ పెట్టే అంకె దగ్గరే. పాప కళ్ళు తెరిచి పాలకోసం కేకేసింది. అంత గట్టి కేక పుట్టాక అదే మొదటిసారి. భయం సంగతి తర్వాత, ముందు పాప అరికాళ్ళు పట్టుకుని చూశాను, వెచ్చగా ఉన్నాయి.

వీరాచారి అన్న కారు తీసుకుని వచ్చాడు. రోజూ ఉలులు నిప్పులో కాల్చే మనిషి, వేడంటే ఆయనకు తెలుసు. హీటరు మీద వేలు పెట్టి "అబ్బా!" అని వెనక్కి తీశాడు. గూట్లో ఉన్న ప్లగ్గు వంక చూసి, నాపరాళ్ళ మీదే చతికిలబడ్డాడు.

"ఇది అమ్మవారి పని" అన్నాడు.

"ఏసయ్య పనప్పా, నేను పొద్దున్నుంచి ప్రార్థన చేస్తాండా" అంది మా అత్త, కళ్ళు తుడుచుకుంటూ.

ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. నేను ఎవరికీ ఓటు వేయలేదు. కారును తిప్పి పంపేశాం.

సాయంత్రం ఆరు దాటాక కరెంటు వచ్చింది. హీటరు ముట్టుకుంటే రాయిలా చల్లగా ఉంది. ప్లగ్గు పెడితే మామూలుగా అరగంట పట్టింది వేడెక్కడానికి.

తర్వాత నేను ఊరుకోలేదు. నా దగ్గర చదువుకున్న ఎలక్ట్రీషియన్ ఒకడు దాన్ని విప్పి చూశాడు. బ్యాటరీ లేదు, ఏమీ లేదు. బడి ల్యాబులోని థర్మామీటరు తెచ్చి పక్కన పెట్టాను. రెండింటికీ తేడా అర డిగ్రీ. వేడినీళ్ళ సీసాలు మంచం మీద ఉన్నాయి, హీటరు అటు గోడ పక్కన ఉంది. కుంపటి గుమ్మం బయటే ఆరిపోయింది. ప్లగ్గు పీకి ఎన్నోసార్లు పరీక్ష చేశాను. ప్రతిసారీ రెండు మూడు గంటల్లో చల్లబడింది, మళ్ళీ ఎప్పుడూ తనంతట తాను వేడెక్కలేదు. ఇప్పటికి మూడేళ్ళు. కారణం నాకు తెలియదు. ఎవరైనా చెప్తే వింటాను.

పదో రోజు పాపను నంద్యాల తీసుకెళ్ళాం. అల్లుడి తరపు వాళ్ళు అప్పటికే వచ్చి బెంచీ మీద బిగదీసుకుని కూర్చుని ఉన్నారు. నర్సు పాపను తూకంలో పెట్టింది. రెండు కేజీల అరవై గ్రాములు.

"హల్లెలూయా!" అని నేను అరిచిన అరుపుకు వరండా అంతా తిరిగి చూసింది. అరిచింది నేనేనా అని మా అత్త నోరు తెరిచింది. మా వియ్యపురాలు లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

డాక్టరమ్మ నా పుస్తకం తిప్పుతూ ఆ రోజు పేజీ దగ్గర ఆగింది.

"కరెంటు లేదని రాశారు. మరి మూడు గంటలకు ఇరవై ఏడు ఎట్లొచ్చింది?"

"నాకు తెలీదు డాక్టరమ్మా. కానీ ఆ రెండు కేజీల అరవై ఉందే, దాంట్లో మీకు అనుమానముంటే ఇంకోసారి తూకం వేయండి."

ఆమె నిజంగానే వేసింది. పాప తూకంలో పడుకుని రెండు కాళ్ళూ ఝాడించి తన్నింది. రెండు కేజీల అరవై.